మా బడికి ఉన్న ఒక్క రూము

మా బడికి ఉన్నది ఒక్కటే రూము. బడి అనగానే మీకు గేటూ, గంటా, ఆటస్థలమూ గుర్తొస్తాయేమో. అవేవీ లేవు. కలకత్తాలో భవానీపూర్ వైపు ఒక పెద్ద హిందీ బడి మేడ మీద, మెట్లెక్కగానే ఎడమచేతి వైపున్న గది, అంతే. మధ్యలో పాత చెక్కబీరువా అడ్డం పెట్టి ఇటు చిన్న క్లాసులకు నేనూ, అటు పెద్ద క్లాసులకు మేస్టారూ చెప్పేవాళ్ళం. నేను రెండో ఎక్కం చెప్పిస్తుంటే అవతలి నుంచి భూగోళం వినపడేది. "రెండు మూళ్ళు?" అని అడిగితే నా పిల్లలు "హిమాలయాలు" అన్న రోజులూ ఉన్నాయి.

ఈమధ్య టీచరు ట్రైనింగులో ఉన్న అమ్మాయిలు కొందరు ఇంటికొచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఒకటి చెప్పండి అన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే ఏదో అవార్డు అందుకున్న రోజు చెబుతానని ఆశపడ్డట్టుంది. నాకెవరూ అవార్డు ఇవ్వలేదు. కాబట్టి ఇది వినండి.

మా పిల్లలంతా కార్పొరేషన్ పారిశుద్ధ్య పనివాళ్ళ పిల్లలు. తాతల నాడు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి వీధులు ఊడ్చే పనిలో చేరిన కుటుంబాలు. మా ఆయన బ్యాంకు బదిలీ మీద నేను ఆ ఊరు వచ్చాను. మాది గోదావరి వైపు. మొదట్లో ఆ పిల్లల మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాట వాళ్ళకి అసలు అర్థమయ్యేది కాదు. బెంగాలీ, హిందీ, మన తెలుగు కలిపి వాళ్ళు కాచిన ఆ చారులో ఏది ముక్కో ఏది పులుసో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మేస్టారు విజయనగరం మనిషి. అప్పటికే రిటైరయ్యే వయసుకు దగ్గర పడ్డారు. నా అన్నవాళ్ళు లేరు. మా పిల్లల కుటుంబాలుండే కార్పొరేషన్ క్వార్టర్ల ఎదురుగా సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఆయన వంట చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు, ఎవరో ఒకరి ఇంటినుంచి గిన్నె వచ్చేది. ఇవాళ ఎండుచేపల పులుసు ఎవరింటిదో వాసన చూసి చెప్పేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది. వారానికొక ఇంగ్లీషు మాట. ప్రైమరీలో ఇంగ్లీషు ఎత్తేసిన రోజులవి. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చాక, పిల్లలు చిన్న క్లాసుల్లో తల్లిభాషే చదవాలన్నారు. మంచి మాటే, కానీ ఆఫీసర్ల పిల్లలు డబ్బు కట్టి కాన్వెంటుకి వెళ్ళి ఇంగ్లీషు నేర్చుకుంటూనే ఉన్నారు. అందుకని మేస్టారు సోమవారం ఆఖరి పీరియడ్‌కి "కథల క్లాసు" అని పేరుపెట్టి, ఒక ఇంగ్లీషు మాట పుట్టుపూర్వోత్తరాలు కథలా చెప్పేవారు. ఆ మాట ఏ దేశంలో పుట్టింది, ఎవరింట పెరిగింది, దానికి చుట్టాలెవరు. పెళ్ళిసంబంధం చూసేవాళ్ళు కూడా అంత వాకబు చెయ్యరు.

నేను బళ్ళో చేరిన కొత్తల్లో జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి. ఒక పిల్ల వరసగా బడి మానేస్తే, కనుక్కుందామని క్వార్టర్లకి వెళ్ళాను. ఇంటికొక్క గదే. నేను గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, లోపలున్న ముసలమ్మ, తండ్రి, చిన్నాన్న, పిల్లలు అందరూ లేచి, ఒక్క మాటైనా లేకుండా బయటికి వెళ్ళిపోయారు. ఖాళీ గదిలో మంచం మీద నన్ను కూర్చోబెట్టి తల్లి ఒక్కతే టీ ఇచ్చింది. తక్కినవాళ్ళంతా మెట్ల మీద కూర్చుని నేను వెళ్ళేదాకా లోపలికి రాలేదు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళకి నేనంటే గిట్టదు కాబోలు అని మర్నాడు మేస్టారి దగ్గర విసుక్కున్నాను.

ఆయన నవ్వారు. "అది మర్యాదమ్మా. ఉన్నదే ఒక్క రూము. ఒచ్చిన మనిషి ఇరుక్కుని కూకోకూడదని లేచి ఎల్లిపోతారు. నీకు పీట వేస్తారు మీ ఊళ్ళో. ఈళ్ళు రూమంతా ఖాళీ చేసి ఇస్తారు" అన్నారు. నాకు సిగ్గేసింది. తరవాత గమనించాను. పెళ్ళిచూపులైనా, పరామర్శ అయినా, పై ఆఫీసరు వచ్చినా వాళ్ళ పద్ధతి అదే. ఆ మెట్లు ఎప్పుడూ మనుషులతో నిండి ఉండేవి, అతిథి ఉన్న గది మాత్రం ఖాళీగా ఉండేది.

ఇక అసలు కథ. కింది హిందీ బడికి పై క్లాసులు మంజూరయ్యాయి. వాళ్ళకి గదులు కావాలి. మా పిల్లలు ఎక్కువై వరండాలోకి పొంగుతున్నారనీ, గోల భరించలేకపోతున్నామనీ వాళ్ళ హెడ్మాస్టరు వచ్చేపోయే తల్లుల ముందే గొణిగేవాడు. నిజానికి అతనికి కావలసింది మా గది. పై ఆఫీసువాళ్ళు చెప్పింది మాత్రం వేరు. తెలుగు పిల్లలు తగినంతమంది ఉంటే ఆ గది తెలుగువాళ్ళదే, లేకపోతే వదులుకోవాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి తన కళ్ళతో చూస్తాడు. హాజరుపట్టీలు ఎవరూ నమ్మేవారు కాదు, లేని పిల్లల పేర్లు రాసుకునే బళ్ళు ఊరినిండా ఉండేవి. బెంచీ మీద తల కనపడితేనే లెక్క.

మేస్టారికి దిగులే లేదు. "మనకి తలలకి కరువా? కూకోడానికి జాగా లేక ఒకడి ఒళ్ళో ఒకడు కూకుంటన్నారు" అన్నారు. ఇన్‌స్పెక్టరు రాకముందు సోమవారం, కథల క్లాసులో, సందర్భానికి తగ్గట్టు నల్లబల్ల మీద ఇంగ్లీషు అక్షరాల్లో రూమ్ అని రాశారు. ఆ రోజు నా చిన్నపిల్లల్ని కూడా బీరువా అవతలికి తీసుకెళ్ళి నేనూ ఒక మూల కూర్చున్నాను.

"రూమంటే ఏటర్రా?"

"మా ఇల్లు" అన్నారు చాలామంది. వాళ్ళకి ఇల్లూ రూమూ ఒకటే. బెంగాలీవాళ్ళు కూడా ఇంటినీ గదినీ ఘొర్ అనే అంటారు కదా, బాగుంది అన్నారు మేస్టారు. తరవాత బల్ల మీద నాలుగు గీతలతో చదరం గీసి, ఒక్కొక్క గీతే చేత్తో తుడిచేశారు.

"ఇప్పుడేటి మిగిలింది?"

"ఏటీ లేదు మేస్టారూ."

"అదే రూము" అన్నారు.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన చెప్పుకుపోయారు. ఇంగ్లీషువాళ్ళు ఈ మాట మొదట అన్న రోజుల్లో దానికి గోడల్లేవు. విశాలంగా, ఖాళీగా ఉన్న చోటుకే ఆ పేరు. జర్మనీవాళ్ళకి దీని తోబుట్టువు ఒకటుంది, వాళ్ళు ఇప్పటికీ ఖాళీ జాగాకి ఆ మాటే వాడతారు. లాటిన్‌లో పల్లెపొలాలకి ఉన్న మాట దీనికి దూరపు చుట్టమని పెద్దలు కొందరంటారు. నాలుగు గోడల గదికి ఇంగ్లీషువాళ్ళ దగ్గర వేరే మాటలుండేవి, ఒకటి ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నది కూడా. ఎన్నో వందల ఏళ్ళు పోయాక గానీ ఈ మాట చుట్టూ గోడలు లేవలేదు. మధ్యలో, విందులో ఎవరికి వారు కూర్చునే చోటుని కూడా రూమ్ అన్నారు. ఒకరి బదులు ఇంకొకరు నిలబడితే, వాళ్ళ రూములో నిలబడ్డారు అన్నారు.

"ఇన్‌స్పెక్టర్లు రిపోర్టులో రాస్తారు చూడమ్మా, ఇంప్రూవ్‌మెంట్‌కి రూము ఉంది అని. అంటే ఇంకా బాగుపడ్డానికి చోటు ఉందని" అన్నారు నా వైపు చూసి.

"మనకున్నదే ఒక్క రూము, అందులో పిల్లల్నే పట్టించలేకపోతున్నాం. ఇంప్రూవ్‌మెంట్‌ని ఎక్కడ కూర్చోబెడతాం?" అన్నాను. నా నోరు అలాంటిది.

పెద్ద క్లాసులో ఒక పిల్ల ఉండేది. మాట పట్టుకుంటే వదిలేది కాదు. ఇల్లు ఊడుస్తున్నా, నీళ్ళు మోస్తున్నా ఆ వారం మాట వల్లిస్తూనే ఉండేదట. ఆ పిల్ల లేచి, "మేస్టారూ, మరి గోడలొచ్చీసినాక లోపల కాళీ ఏటయిపోనాది?" అంది.

మేస్టారు చేతికంటిన సుద్దపొడి దులుపుకున్నారు. "మనుషులు నిండిపోనారమ్మా" అన్నారు. "అందుకే గదా, జనం కిక్కిరిసిన చోట ఇంగ్లీషోళ్ళు రూము చెయ్యండి అంటారు. కొత్తగా గది కట్టమని కాదు. కాస్త జరిగి ఎదటోడికి చోటియ్యమని."

"మా ఇంట్లో రోజూ అదే" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్లలు వెళ్ళేటప్పుడు మేస్టారు చెప్పారు: "మన రూము సూడ్డానికి పెద్దాయన వస్తన్నాడని ఇంట్లో సెప్పండి. అందరూ తలదువ్వుకుని సుబ్బరంగా రావాల."

ఆ రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు భుజాన గుడ్డసంచీ, చేతిలో గొడుగు ఉన్న బక్కపల్చటి బెంగాలీ ఆయన. మంచివాడే. మెట్లెక్కి అలిసిపోయి, మంచినీళ్ళు అడిగి తాగాడు. మేస్టారు ఎప్పుడూ లేనిది ఇస్త్రీ పంచె కట్టారు.

పిల్లలు రావడం మొదలుపెట్టారు. తలకి నూనె, మొహానికి పౌడరు, ఇంటికొక్కరు చొప్పున. ఇంటికి పెద్దపిల్లో, పెద్దపిల్లాడో. వచ్చి బెంచీకి ఇద్దరేసి, చేతులు కట్టుకుని, మధ్యన ఎడం విడిచి కూర్చున్నారు. అంత పొందికగా కూర్చున్న మా క్లాసుని నేనెన్నడూ చూడలేదు. ఇంకా వస్తారు, ఇంకా వస్తారు అని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాం. మరెవరూ రాలేదు. నా వైపు బెంచీలు దాదాపు ఖాళీ.

మేస్టారి మొహం పాలిపోయింది. "తక్కినోళ్ళేరి?" అని ముందు బెంచీలో ఉన్న ఆ మాటల పిల్లని అడిగారు.

"ఇంటి కాడ ఉన్నారు మేస్టారూ. అమ్మోళ్ళు ఉంచీసినారు" అంది ఆ పిల్ల గర్వంగా.

ఇన్‌స్పెక్టరుని మాటల్లో పెట్టమని మేస్టారికి కళ్ళతో సైగ చేసి నేను మెట్లు దిగాను. ఆ సందులో చీర పట్టుకుని పరిగెత్తడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. క్వార్టర్ల దగ్గరికి వెళ్ళేసరికి, మెట్ల మీద కింది నుంచి పైదాకా మా పిల్లలే. ఉతికిన బట్టలు కట్టుకుని, పలకలు ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. పక్కనే ఆ మాటల పిల్ల తల్లి నిలబడి ఉంది. తెల్లారి పని ముగించుకుని వచ్చి, చీపురు గోడకి ఆనించి, పిల్లలు అల్లరి చెయ్యకుండా కాపలా కాస్తోంది. ఆ క్వార్టర్లలో ఆవిడ మాటంటే మాటే.

"పిల్లల్ని ఎందుకు పంపలేదమ్మా?" అన్నాను ఆయాసంతో.

"పెద్దాయన రూము సూడ్డానికొచ్చినాడు గదా టీచరమ్మా. ఇంతమందిమీ ఎల్లి ఇరుకు సేస్తే బాగుంటాదేటి? పిల్లగుంటలు ఎక్కువైపోనారు, గోల సేస్తన్నారని ఆ కింది బడి ఎడ్మాస్టరు మొన్న కూడా అన్నాడు. రూము చాల్లేదంటే తీసీసుకుంటారు గదా. అందుకని సగానికి పైగా ఆపీసినాం." కాస్త ఆగి, "పెద్దాయన సుకంగా కూకున్నాడా?" అని అడిగింది.

నాకు కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆవిడ చేసినదాంట్లో తప్పేదో నాకు ఈ రోజుకీ దొరకలేదు. "బేగి పంపమ్మా, అందర్నీ" అని మాత్రం అని, పిల్లల్ని తోలుకుని పరిగెత్తాను. వెనకనుంచి ఆవిడ "మెల్లగా, మెల్లగా కూకోండర్రా, ఆయన మీద పడకండి" అని కేకేస్తూనే ఉంది.

మేం మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు దిగుతున్నాడు. వెనక మేస్టారు. పిల్లలంతా రొప్పుతూ ఆయన చుట్టూ మూగారు. పౌడరు చెమటకి కారిపోయింది. ఒకరిద్దరు చెప్పులు దారిలో పోగొట్టుకున్నారు.

"వీళ్ళే మా పిల్లలు" అన్నాను నాకొచ్చిన బెంగాలీలో.

ఆయన వాళ్ళందర్నీ చూసి జాలిగా తల ఊపాడు. "టీచరమ్మా, నేను ఎక్కడికెళ్ళినా ఇదే. లెక్క చూశాక వీధుల్లోంచి పిల్లల్ని పోగుచేసుకొస్తారు. మీరు పాపం పరిగెత్తి తెచ్చారు. ఇంకొకరైతే రిక్షాలో తెచ్చేవారు" అన్నాడు. వెటకారం కాదు. ఎన్నో బళ్ళు చూసి అలిసిపోయిన మనిషి మాట. మేస్టారు ఒక పిల్లాడిని ముందుకు తోసి "చదువు, చదువు, నీ పాఠం చదువు" అన్నారు. వాడు అంత పరుగు తరవాత గుక్క తిప్పుకోలేక ఏడ్చాడు. ఇన్‌స్పెక్టరు వాడి తల నిమిరి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు.

తరవాత మేస్టారు తిరగని ఆఫీసు లేదు. ప్రతిచోటా "కాల్ ఆషున్", రేపు రండి. పార్టీ ఆఫీసులో ఒక దాదా ఓపిగ్గా విని, టీ తెప్పించి, గది అప్పటికే అవతలివాళ్ళకి ఇచ్చేశారని చెప్పాడు. వేసవి సెలవలు అయ్యేసరికి మా బీరువా వరండాలోకి వచ్చింది. కొందరు పిల్లలు కింద హిందీ క్లాసుల్లో ఆఖరి బెంచీలో కూర్చున్నారు, కొన్నాళ్ళకి అవీ మానేశారు. ఆ పిల్ల కూడా తన తల్లి వెంట చీపురు పట్టుకుని వెళ్తూ నాకు రెండుసార్లు ఎదురైంది. రెండోసారి పలకరించలేక నేనే పక్క సందులోకి తిరిగాను.

బడి ఎందుకు పోయిందని తల్లులు మేస్టారిని అడగడానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆయన గది గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. ముందు ఆ పిల్ల తల్లి.

"మా వల్ల ఏటైనా లోపమొచ్చిందా మేస్టరుబాబూ? ఆయనకి ఇరుకయిందేటి?"

మేస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "లేదమ్మా. మీరు సెయ్యాల్సిందంతా సేసినారు. నాను పాఠం సరిగ్గా సెప్పలేదు. నా సదువు ఆయనకి నచ్చలేదు. అందుకే పోనాది" అన్నారు.

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు మలుపు తిరిగీ తిరగకముందే నేను మండిపడ్డాను. ఎందుకండీ ఆ అబద్ధం, జరిగింది జరిగినట్టు చెప్పచ్చు కదా అన్నాను.

"ఏటని సెప్పమంటావు? మీరు మర్యాద సేసినారు, దానికి మీ పిల్లల బడి పోనాది అనా?" అన్నారు. "రేపట్నించి ఆ మనిషి తన గుంటని చూసినప్పుడల్లా అదే తలుచుకుని ఏడుస్తాదమ్మా. నాకైతే పోయేదేటుంది, ముసలోణ్ణి. నువ్వు కూడా సెప్పకు."

పోయేది ఏమీ లేదన్నారు గానీ, పోయింది. మొదట గిన్నెలు రావడం తగ్గింది, తరవాత ఆగిపోయింది. ముసలాయన పాఠాలు మాని ఏవేవో ఇంగ్లీషు కథలు చెప్పి బడి ముంచాడని క్వార్టర్లంతా అనుకున్నారు. ఆయన ఎదురైతే లేచి నిలబడేవాళ్ళు లేవడం మానేశారు. ఆయన ఒక స్టవ్వు కొనుక్కున్నారు. అన్నం మాడ్చుకునేవారు. నేనప్పుడప్పుడు కూర తీసుకెళ్తే, "మీ గోదారోళ్ళ కూరల్లో బెల్లం తప్ప ఏటుండదు" అని వెక్కిరించేవారు. ఆ వెక్కిరింపులో కూడా దుఃఖం వినపడేది నాకు. ఇన్నేళ్ళ తరవాత ఈ సంగతి బయటపెట్టడానికి ఒకటే కారణం. ఆయనా లేరు, ఆ తల్లీ ఉండి ఉండదు. ఆయన మంచి మేస్టారని ఎవరో ఒకరు చెప్పాలి.

రెండేళ్ళకి మా ఆయనకి మళ్ళీ బదిలీ అయింది. చెప్పి వెళ్దామని క్వార్టర్లకి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్ల తల్లి బస్సుదాకా సాగనంపుతానని వెంట వచ్చింది. ఎదుటి సందులో మేస్టారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆవిడ అక్కడే ఆగింది. ఆయనకి వినపడుతుందని తెలిసే, గొంతు తగ్గించకుండా అడిగింది.

"టీచరమ్మా, ఎల్లిపోతన్నారు గదా, నిజం సెప్పండి. ఈయన సరిగ్గా సెప్పకే గదా మన గుంటల బడి పోనాది?"

మేస్టారు పేపరు దించి నా వైపు చూశారు. వద్దన్నట్టు, కనపడీ కనపడనట్టు తల అడ్డంగా ఊపారు.

"అవునమ్మా" అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ పేపరు ఎత్తారు.